లాక్ ఖాళీగానే ఉంది, అయినా అందరూ ఎదురుచూస్తున్నారు: ఒక మల్టీప్రాసెసర్ సర్వర్ కేస్ స్టడీ

32 కోర్లు (విడివిడిగా పనిచేసే ప్రాసెసర్ భాగాలు) ఉన్న సర్వర్ మీద నడిచే ఒక సర్వీసు ప్రతి అరగంటకు ఒకసారి, ఐదారు నిమిషాల పాటు, దాదాపు స్తంభించిపోయేది. మామూలుగా ఒక మిల్లీసెకను లోపే పూర్తయ్యే రిక్వెస్టులు ఆ ఐదారు నిమిషాల్లో 30, 40 మిల్లీసెకన్లు తీసుకునేవి. అదే సమయంలో పాత రికార్డులను కుదించి డిస్కు మీద సర్దే బ్యాచ్ జాబ్ ఒకటి నడుస్తుందన్న సంగతి మొదటి రోజే తెలిసింది. అయితే ఆ జాబ్‌కు ఉన్నవి 8 థ్రెడ్లు (ఒకేసారి సమాంతరంగా నడవగల పనులు) మాత్రమే. అవి 8 కోర్లను సర్వీసుతో చెరిసగం పంచుకున్నా, లెక్క ప్రకారం సర్వీసు కోల్పోవలసింది మొత్తం శక్తిలో ఎనిమిదో వంతే. వాస్తవంలో పోతున్నది ముప్పాతిక వంతుకు పైగా ఉండేది. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎక్కడికి పోతోందో కనిపెట్టడానికి మాకు మూడు వారాలు పట్టింది.

సర్వీసు నిర్మాణం సరళమైనది. కోరుకు ఒకటి చొప్పున 32 వర్కర్ థ్రెడ్లు ఉంటాయి. వాటిని ఏ కోరుకూ కట్టిపడేయలేదు. అన్ని వర్కర్లూ కలిసి వాడుకునే ఒక పట్టిక మెమరీలో ఉంటుంది, దానికి ఒకే లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోనికి రానిచ్చే తాళం) ఉంటుంది. ఒక్కో రిక్వెస్ట్ ఆ లాక్‌ను నాలుగు సార్లు తీసుకుంటుంది. తీసుకున్న ప్రతిసారీ దాన్ని పట్టుకుని ఉండేది సుమారు అర మైక్రోసెకను, రెండు సార్ల మధ్య చేసుకునే సొంత పని సుమారు 40 మైక్రోసెకన్లు. ఇంత చిన్న పనికి థ్రెడ్‌ను నిద్రపుచ్చి మళ్లీ లేపడం దండగ అన్న ఉద్దేశంతో, ఆ కోడ్ మొదట రాసినవారు యూజర్ స్పేస్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ బయటే, ఒక టికెట్ స్పిన్‌లాక్ రాసుకున్నారు. వచ్చిన ప్రతి థ్రెడ్ ఒక సంఖ్య తీసుకుని, తన సంఖ్య వచ్చేదాకా ఒక చలరాశిని చదువుతూ తిరుగుతూ ఉంటుంది. వచ్చిన వరసలోనే లాక్ అందుతుంది కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. లినక్స్ కెర్నెల్ కూడా 2008లో, 2.6.25 నుంచి, తన స్పిన్‌లాకులకు ఇదే పద్ధతి వాడింది కనుక దీని మీద ఎవరికీ అనుమానం కలగలేదు. కెర్నెల్‌లో అది పనిచేయడానికి ఒక ముఖ్యమైన కారణం ఉంది. స్పిన్‌లాక్ పట్టుకుని ఉన్నంతసేపూ మామూలు కెర్నెల్ ప్రీఎంప్షన్‌ను ఆపేస్తుంది, అంటే ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్, లాక్ ఉన్నవారిని కోర్ మీద నుంచి దించదు. లాక్ కోసం వరసలో తిరుగుతున్నవారినీ దించదు. యూజర్ స్పేస్‌లోకి తెచ్చుకున్నప్పుడు లాక్ రూపం వచ్చింది కానీ ఆ హామీ రాలేదు.

మొదటి వారం తప్పుదారులు

మొదట అందరూ అన్నది కోర్లు చాలడం లేదనే. 64 కోర్ల యంత్రం మీద పెట్టి చూశాము. పరిస్థితి ఇంకా చెడింది. కోర్ల సంఖ్యను బట్టి వర్కర్లు 64 అయ్యాయి, బ్యాచ్ థ్రెడ్లు 16 అయ్యాయి, లాక్ మాత్రం ఒకటే మిగిలింది. కోర్లు రెట్టింపు చేస్తే పని తగ్గిందంటే అసలు కొరత కోర్లది కాదని అప్పుడే నిర్ధారించుకోవలసింది, కానీ మేము ఇంకో నాలుగు రోజులు సెట్టింగుల మీదే గడిపాము.

తర్వాత స్పిన్ లూప్‌లో కొన్ని వందల సార్లు తిరిగాక షెడ్ యీల్డ్ (కోర్‌ను తనంతట తాను ఇతరులకు వదిలే సిస్టమ్ కాల్) పిలిచేలా మార్చాము. ఈ ప్రయత్నం ఎందుకు విఫలమైందో వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఇదే చిట్కా చాలా కోడ్‌లలో నేటికీ కనిపిస్తుంది. ఏకైక ప్రాసెసర్ ఉన్న యంత్రంలో, నేను తప్పుకుంటే లాక్ పట్టుకున్నవాడికి అవకాశం వస్తుందని అనుకోవడంలో అర్థం ఉంది, ఎందుకంటే వాడు నా వెనకే అదే క్యూలో ఉంటాడు. మల్టీప్రాసెసర్‌లో ప్రతి కోరుకూ దాని సొంత రన్ క్యూ (నడవడానికి సిద్ధంగా ఉన్న థ్రెడ్ల వరస) ఉంటుంది. నేను 5వ కోర్ మీద తప్పుకుంటే 5వ కోర్ క్యూలో ఉన్నవారికే దారి దొరుకుతుంది. లాక్ పట్టుకున్న థ్రెడ్ 19వ కోర్ క్యూలో ఆగి ఉంటే నా త్యాగం దానికి చేరదు. మా యంత్రంలో 24 కోర్ల మీద వర్కర్ తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి అక్కడ యీల్డ్ పిలిచిన మరుక్షణమే అదే థ్రెడ్ మళ్లీ నడిచేది. ఫలితంగా తిరగడం ఆగలేదు, దానికి సిస్టమ్ కాల్ ఖర్చు అదనంగా తోడైంది.

బ్యాచ్ జాబ్‌కు నైస్ విలువ 19, అంటే అతి తక్కువ ప్రాధాన్యం, ఇవ్వడం కొంత పనిచేసింది. ఆ విలువకు షెడ్యూలర్ ఇచ్చే బరువు 15, మామూలు థ్రెడ్‌కు 1024. కాబట్టి వర్కర్‌తో పంచుకునే కోర్ మీద జాబ్‌కు ఒకటిన్నర శాతం లోపు సమయమే అందింది. జాప్యాలు చిన్నవయ్యాయి, అరుదయ్యాయి. కానీ జాబ్ ఎంతకూ పూర్తి కాక తర్వాతి జాబ్ మొదలయ్యే వేళకు కూడా నడుస్తూనే ఉండేది. వర్కర్లకు రియల్‌టైమ్ ప్రాధాన్యం (మామూలు థ్రెడ్లకన్నా ముందు నడిచే హక్కు) ఇవ్వాలన్న సూచన కూడా వచ్చింది. తిరుగుతూ ఎదురుచూసే థ్రెడ్లకు రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇస్తే, లాక్ ఉన్న థ్రెడ్ అదే కోర్ క్యూలో సమాన ప్రాధాన్యంతో వెనక చిక్కుకున్నప్పుడు ముందున్నది దానికి ఎప్పటికీ దారి ఇవ్వకపోవచ్చు. ఆ దారి పట్టలేదు.

రెండు కొలతలు, రెండు ఆకారాలు

రెండో వారంలో లాక్ లోపలే కొలతలు పెట్టాము. కొలిచే పనే కొలతను చెడగొట్టకుండా ప్రతి థ్రెడ్‌కూ విడి బఫర్ ఇచ్చి, ప్రాసెసర్ టైమ్‌స్టాంప్ కౌంటర్ విలువలు మాత్రం అందులో రాసుకున్నాము. కొలిచినవి రెండు. ఒకటి, లాక్ తీసుకున్న క్షణం నుంచి వదిలిన క్షణం దాకా గడిచిన సమయం. రెండోది, ఒకరు వదిలిన క్షణం నుంచి తర్వాతివారు తీసుకున్న క్షణం దాకా గడిచిన సమయం. ఈ రెండోదాన్ని కొలవడం మా సహోద్యోగి ఒకరి ఆలోచన. నాకు మొదట అది అనవసరం అనిపించింది, ఎందుకంటే అందరూ తిరుగుతూ కాచుకుని ఉన్నప్పుడు ఆ ఖాళీ వందల నానోసెకన్లకు మించకూడదు. ఈ కేసు తేలింది ఆ కొలతతోనే.

మొదటి కొలత పటంలో దాదాపు అన్ని విలువలూ అర మైక్రోసెకను దగ్గరే గుంపుగా ఉన్నాయి. వాటికి చాలా దూరంగా, 12, 13 మిల్లీసెకన్ల దగ్గర, ఒక సన్నని నిలువు గీతలాంటి గుట్ట కనిపించింది. మధ్యలో దాదాపు ఏమీ లేదు. రెండో కొలతలో వందల నానోసెకన్ల దగ్గరి గుంపుతో పాటు, సున్నా నుంచి 12 మిల్లీసెకన్ల దాకా దాదాపు సమానంగా పరుచుకున్న ఒక పొర కనిపించింది.

12 అన్న సంఖ్య ఎక్కడిదో వెంటనే గుర్తుపట్టగలిగాము. ఆ సర్వర్‌లో ఉన్నది లినక్స్ 5.4, అంటే 2007లో 2.6.23తో వచ్చిన సీఎఫ్ఎస్ షెడ్యూలర్. 8 లేదా అంతకు మించిన కోర్లు ఉన్న యంత్రంలో దాని డిఫాల్ట్ షెడ్యూలింగ్ వ్యవధి 24 మిల్లీసెకన్లు. ఒక కోర్ మీద సమాన బరువున్న థ్రెడ్లు రెండు ఉంటే ఒక్కొక్కదానికి 12 మిల్లీసెకన్లు వస్తుంది. మా కెర్నెల్‌లో టిక్ (షెడ్యూలర్ లెక్క చూసుకునే గడియార సంకేతం) సెకనుకు 1000 సార్లు వస్తుంది కనుక ఆ 12 ఒక్కోసారి 13 అవుతుంది. వర్కర్, బ్యాచ్ థ్రెడ్ ఒకే కోర్ మీద, ఒకే సీగ్రూప్‌లో (వనరులు కలిసి పంచుకునే ప్రాసెస్‌ల గుంపులో) ఉన్నాయి. కాబట్టి వర్కర్‌ను దించిన ప్రతిసారీ అది మళ్లీ ఎక్కడానికి పట్టేది సరిగ్గా ఒక పూర్తి వంతు.

ఇప్పుడు రెండు ఆకారాలకూ అర్థం తెలిసింది. లాక్ పట్టుకుని ఉన్న క్షణంలోనే షెడ్యూలర్ ఒక వర్కర్‌ను దించితే, అది పూర్తి 12 మిల్లీసెకన్లు ఆగి, ఎక్కి, లాక్ వదులుతుంది. అందుకే అక్కడ నిలువు గుట్ట. రెండో ఆకారం ఇంతకంటే విచిత్రమైనది. లాక్ వదిలేశారు, తర్వాతి టికెట్ సంఖ్య ప్రకటించారు, కానీ ఆ టికెట్ ఉన్న వర్కర్ అప్పటికే కోర్ మీద నుంచి దిగి ఉంది. తన వంతు వచ్చిందని చూసుకోవడానికి కూడా అది నడవడం లేదు. అది ఎప్పుడు దిగిందో, వంతు ఎప్పుడు వచ్చిందో అన్నవి రెండూ సంబంధం లేని క్షణాలు కాబట్టి మిగిలిన నిరీక్షణ సున్నా నుంచి 12 దాకా ఎంతైనా కావచ్చు. అందుకే సమానంగా పరుచుకున్న పొర. ఆ సమయమంతా లాక్ ఖాళీగా ఉంది, వెనక వరసలో ఇరవై ముప్పై వర్కర్లు తమ తమ కోర్ల మీద పూర్తి వేగంతో తిరుగుతున్నాయి, టికెట్ వరస తప్పకూడదు కాబట్టి ఒక్కటీ దాన్ని తీసుకోలేదు.

ఎంత తరచుగా జరుగుతుందో లెక్క వేసి చూశాము. పంచుకునే 8 కోర్లలో ఒక్కొక్కదాని మీద 24 మిల్లీసెకన్లకు ఒకసారి వర్కర్ దిగుతుంది, అంటే మొత్తం మీద సెకనుకు సుమారు 330 సార్లు. లాక్ మీద రద్దీ లేనప్పుడు ఒక వర్కర్ చేతిలో లాక్ ఉండే కాలం దాని మొత్తం కాలంలో ఒకటింపావు శాతం. కాబట్టి లాక్‌తో సహా దిగిపోయే సందర్భాలు సెకనుకు నాలుగైదు. ఇది చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. కానీ అలా ఒకటి జరిగిన 40 మైక్రోసెకన్ల లోపే, అప్పుడు కోర్ల మీద నడుస్తున్న వర్కర్లన్నీ తమ పని ముగించుకుని లాక్ దగ్గరికి వచ్చి వరసలో చిక్కుకుంటాయి. ఆ తర్వాత వాటి కాలమంతా ఎదురుచూడటమే, కాబట్టి షెడ్యూలర్ ఎవరిని దించినా వరసలో ఉన్నవారినే దించుతుంది. లాక్ విడుదలై వరస కదలడం మొదలైతే, ఆ వరసలో పంచుకునే కోర్ల మీది వర్కర్లు ఏడో ఎనిమిదో ఉంటాయి, వాటిలో సగం ఏ క్షణంలోనైనా దిగి ఉంటాయి. ఒక స్తంభన తొలగేలోపే తర్వాతిది మొదలవుతుంది. సెకనుకు నాలుగైదు విత్తనాలు చాలు, ఐదారు నిమిషాలు యంత్రం మొత్తాన్ని పట్టి ఉంచడానికి. వరస లేకుండా ముందు అందుకున్నవారికే దక్కే మామూలు టెస్ట్ అండ్ సెట్ లాక్ అయి ఉంటే, దిగిపోయిన వర్కర్‌ను దాటి ఇంకొకరు లాక్ తీసుకునేవారు. పొర మాయమయ్యేది, గుట్ట మాత్రమే మిగిలేది. న్యాయం కోసం ఎంచుకున్న వరస ఈ పరిస్థితిలో నష్టాన్ని ఎన్నో రెట్లు పెంచింది. 1991లో మెల్లర్ క్రమ్మీ, స్కాట్ ప్రతిపాదించిన ఎంసీఎస్ క్యూ లాక్ క్యాష్ (కోర్ల దగ్గరుండే వేగవంతమైన చిన్న మెమరీ) రద్దీని ఎంతో చక్కగా తగ్గిస్తుంది, కానీ అది కూడా కచ్చితమైన వరసే కాబట్టి ఇక్కడ ఇదే చిక్కు తెస్తుంది.

షెడ్యూలర్ కంటికి ఏమి కనిపించింది

ఇంతదాకా వచ్చాక అడగవలసిన ప్రశ్న, షెడ్యూలర్ దీన్ని ఎందుకు సరిచేయలేదన్నది. దానికి కనిపించినది ఇది. 32 కోర్లూ నిండా పనిలో ఉన్నాయి. 24 కోర్ల మీద ఒక్కో థ్రెడ్, 8 కోర్ల మీద రెండేసి థ్రెడ్లు. ఎక్కడా ఖాళీ లేదు, సర్దడానికి ఏమీ లేదు. తిరుగుతూ ఎదురుచూసే థ్రెడ్ దాని దృష్టిలో కష్టపడి పనిచేస్తున్న థ్రెడ్. ఆ 24 థ్రెడ్లలో ఒక్కటి నిద్రపోయినా దాని కోర్ ఖాళీ అయ్యేది, ఖాళీ అయిన కోర్ పక్క క్యూలలో ఆగి ఉన్నవారి కోసం వెతికేది, అలా లాక్ పట్టుకుని ఆగిపోయిన వర్కర్‌ను తన దగ్గరికి లాక్కునే అవకాశం ఉండేది. లాక్ కోసం తిరుగుతున్నవారే, ఆ తిరగడం వల్లనే, లాక్ ఉన్నవాడికి చోటు లేకుండా చేశారు. 12 మిల్లీసెకన్ల ఒక్క స్తంభనలో ఆ 24 కోర్లు వృథా చేసే ప్రాసెసర్ కాలం 288 మిల్లీసెకన్లు, అదంతా ఒక అర మైక్రోసెకను పని పూర్తికావడం కోసం.

దీన్ని నిర్ధారించుకోవడానికి ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో ప్రతి థ్రెడ్‌కూ ఉండే షెడ్‌స్టాట్ ఫైలు చూశాము. అందులో మూడు సంఖ్యలుంటాయి. మొదటిది కోర్ మీద నడిచిన కాలం, రెండోది రన్ క్యూలో ఆగిన కాలం, రెండూ నానోసెకన్లలో. మూడోది ఎన్నిసార్లు కోర్ ఎక్కిందో. పంచుకునే కోర్ల మీది వర్కర్లకు రెండో సంఖ్య అదాటున పెరుగుతోంది. మిగతా వర్కర్లకు అది కదలడం లేదు, మొదటి సంఖ్య మాత్రం గడియారంతో సమానంగా పెరుగుతోంది. రిక్వెస్టులు కదలకుండానే అది పెరుగుతోందన్నది అసలు సంగతి. మా మానిటరింగ్‌లో ఉన్నది సీపీయూ వినియోగ శాతం ఒక్కటే, అది చూసి ఎవరైనా కోర్లు చాలడం లేదనే అంటారు.

ఒకరి కోసం ఒకరు ఆగే పనులను ఒకేసారి కోర్లు ఎక్కించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1982లోనే జాన్ ఔస్టర్‌హౌట్ దానికి కోషెడ్యూలింగ్ అని పేరు పెట్టారు. సాధారణ సర్వర్ షెడ్యూలర్లు ఆ దారిన వెళ్లలేదు. లినక్స్ కెర్నెల్ లోపల వాడే మ్యూటెక్స్ అనే లాక్ 2009 నుంచి మధ్యేమార్గం అనుసరిస్తోంది. లాక్ ఉన్న థ్రెడ్ ఏదో ఒక కోర్ మీద నడుస్తున్నంతసేపే ఎదురుచూసేవారు తిరుగుతారు, అది దిగిపోయిందని తెలియగానే నిద్రపోతారు. సొలారిస్‌లో ఈ పద్ధతి అంతకు చాలా ముందు నుంచే ఉంది. నడుస్తోందా, దిగిందా అన్న ఆ ఒక్క సమాచారం కెర్నెల్ దగ్గర ఉంది, మా టికెట్ లాక్ దగ్గర లేదు. సమాచారం లేనివారు ఎంతసేపు తిరగాలో సరిగ్గా నిర్ణయించలేరు. కాబట్టి ఎదురుచూపును కెర్నెల్‌కు కనిపించేలా చేయడమే పరిష్కారమని తేల్చుకున్నాము.

మార్పు

టికెట్ లాక్ తీసేసి ఫ్యూటెక్స్ (థ్రెడ్‌ను నిద్రపుచ్చి లేపే కెర్నెల్ సదుపాయం) ఆధారంగా మూడు స్థితుల లాక్ పెట్టాము. 0 అంటే ఖాళీ, 1 అంటే ఎవరో పట్టుకున్నారు, 2 అంటే పట్టుకున్నారు, నిద్రలో కూడా ఎవరో ఉండవచ్చు. రద్దీ లేనప్పుడు తీసుకోవడం, వదలడం రెండూ కెర్నెల్ గడప తొక్కకుండానే జరిగిపోతాయి. నిద్రపోవలసి వచ్చినప్పుడు ఒక సున్నితమైన క్షణం ఉంది. లాక్ విలువ 2 అని చూసి నిద్రపోవడానికి వెళ్తున్న మధ్యలో లాక్ ఉన్నవాడు దాన్ని వదిలి, లేపవలసినవాళ్లెవరూ నిద్రలో లేరని తేల్చుకుంటే, ఆ తర్వాత నిద్రపోయినవాడిని లేపేవారు ఉండరు. అందుకే ఫ్యూటెక్స్ పిలుపులో మనం చూసిన విలువను కూడా పంపుతాము. కెర్నెల్ తన లోపలి లాక్ పట్టుకుని ఆ విలువను మళ్లీ సరిచూస్తుంది, మారి ఉంటే నిద్రపుచ్చకుండా వెనక్కి పంపేస్తుంది. 2002లో రూపుదిద్దుకున్న ఈ ఏర్పాటు అంతటికీ ప్రాణం ఆ ఒక్క సరిచూపులోనే ఉంది.

నిద్రపోయే ముందు ఎంతసేపు తిరగాలన్నదానికి 1991లో అన్నా కార్లిన్, కై లీ, మార్క్ మనాస్సే, సూసన్ ఓవికి పరిశీలించిన సూత్రాన్ని తీసుకున్నాము. నిద్రపోయి లేవడానికి ఎంత ఖర్చవుతుందో అంతసేపే తిరిగి, ఆపై నిద్రపోతే, భవిష్యత్తు ముందే తెలిసినవాడు పెట్టే ఖర్చుకు రెండింతలకు మించదు. మా యంత్రం మీద ఆ రాకపోకల ఖర్చు 5 మైక్రోసెకన్ల చుట్టుపక్కల తేలింది, పరిమితిగా అదే పెట్టాము. తిరిగే లూప్‌లో, కాసేపు ఆగమని ప్రాసెసర్‌కు చెప్పే పాజ్ ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఇంటెల్ స్కైలేక్ తరం నుంచి దాని వ్యవధి సుమారు 10 సైకిళ్ల నుంచి 140 సైకిళ్లకు పెరిగింది. అందువల్ల ఎన్నిసార్లు తిరగాలన్న సంఖ్యను కోడ్‌లో స్థిరంగా రాయకుండా, గడిచిన కాలాన్ని బట్టి ఆపేలా రాశాము.

మార్చిన మొదటి రోజే, బ్యాచ్ జాబ్ నడుస్తుండగా కూడా, ఎక్కువ రిక్వెస్టులు 3 మిల్లీసెకన్ల లోపు వచ్చాయి. పొర పూర్తిగా పోయింది. 12 దగ్గరి గుట్ట కరిగి, ఒకటి రెండు మిల్లీసెకన్ల దగ్గర చిన్న తిన్నెగా మారింది. పూర్తిగా ఎందుకు పోలేదంటే, అర మిల్లీసెకను లోపు నడిచి దిగిన థ్రెడ్ డేటా ఇంకా ఆ కోర్ క్యాష్‌లోనే ఉంటుందని షెడ్యూలర్ భావించి, దాన్ని వేరే కోరుకు మార్చడానికి వెనకాడుతుంది. ఆ గడువు దాటాకే ఖాళీ కోర్ దాన్ని లాక్కుంటుంది.

కొత్త లాక్‌లో వరస నియమం లేదు. ఇది సరికాదని, ఏదో ఒక థ్రెడ్ ఎప్పటికీ వెనకబడిపోవచ్చని టికెట్ లాక్ రాసిన సహోద్యోగి అభ్యంతరం చెప్పారు. సబబైన అభ్యంతరమే కాబట్టి థ్రెడ్‌కు అత్యధిక నిరీక్షణ ఎంతో విడిగా కొలిచాము. వరస ఉన్నప్పటి అత్యధికం కన్నా వరస లేనప్పటి అత్యధికమే ఎంతో తక్కువగా వచ్చింది.

మిగిలిన తిన్నెను తగ్గించడానికి పట్టికను హ్యాష్ ప్రకారం 64 ముక్కలు చేసి, ముక్కకొక లాక్ ఇచ్చాము. మొదటి ప్రయత్నంలో లాభం చాలా స్వల్పంగా ఉండటం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. లినక్స్ పనితీరును కొలిచే పెర్ఫ్‌లోని సీటుసీ సాధనం చూపించినది ఏమిటంటే, నాలుగు బైట్ల లాకులను ఒకదాని పక్కన ఒకటి అమర్చాము కనుక 64 బైట్ల ఒక్క క్యాష్ లైన్‌లో (క్యాష్ ఒకేసారి తెచ్చుకునే ముక్కలో) 16 లాకులు ఇరుక్కున్నాయి. ఒక లాక్ తీసుకుంటే పక్క పదిహేను లాకుల కోసం వచ్చిన కోర్ల క్యాష్‌లలోని లైన్ చెల్లకుండా పోతోంది. లాకులు వేరు, వాటిని మోసే లైన్ ఒకటే. ప్రతి లాక్‌నూ దానికంటూ ఒక లైన్‌లో పెట్టి, ఆ ముక్కకు చెందిన లెక్కల చలరాశులను కూడా అదే లైన్‌లో చేర్చాక తిన్నె కొలతల్లో గుర్తుపట్టలేనంతగా తగ్గిపోయింది.

2023లో లినక్స్ 6.6తో సీఎఫ్ఎస్ స్థానంలో ఈఈవీడీఎఫ్ అనే కొత్త షెడ్యూలర్ పద్ధతి వచ్చింది. టెస్ట్ సర్వర్‌ను ఆ కెర్నెల్‌కు మార్చినప్పుడు పాత టికెట్ లాక్‌ను ఒకసారి తిరిగి పెట్టి చూశాము. గుట్ట 12 నుంచి 3 మిల్లీసెకన్ల దగ్గరికి జరిగింది, పొర కూడా అంతే కురచైంది, కానీ రెండూ ఉన్నాయి. తర్వాత ఎవరిని ఎక్కించాలో, ఎంతసేపు నడపాలో నిర్ణయించే పద్ధతి మారింది. ఎక్కినవాడు పనిచేస్తున్నాడా, ఎదురుచూస్తున్నాడా అన్నది మాత్రం ఆ పద్ధతికీ తెలియదు.

ఇప్పుడు బ్యాచ్ జాబ్ మామూలు నైస్ విలువతోనే, అవే 8 థ్రెడ్లతో, పట్టపగలే నడుస్తోంది. మానిటరింగ్‌లో సీపీయూ వినియోగ శాతం పక్కనే షెడ్‌స్టాట్ రెండో సంఖ్యనూ, ఫ్యూటెక్స్ నిద్రల సంఖ్యనూ చేర్చాము. టికెట్ లాక్ కోడ్‌ను రిపోజిటరీ నుంచి తొలగించాము.